హైడ్రాలిక్ క్లచ్ పెడల్ ఫీల్: గొట్టం, డిలే వాల్వ్, మాస్టర్ సిలిండర్‌లలో ఏది ముందు?

పెడల్_ప్రశ్న (మియాపూర్)
అందరికీ నమస్కారం. బండి డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 5 గేర్లు, హైడ్రాలిక్ క్లచ్ (పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ను గొట్టంలోంచి నెడుతుంది, అవతలి కొసన స్లేవ్ సిలిండర్ క్లచ్‌ను విడిపిస్తుంది). స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ బయటే ఉంది. 80 వేల కిలోమీటర్లు తిరిగింది, క్లచ్ సెట్ ఒక్కసారీ మార్చలేదు. ఇబ్బందులు మూడు. క్లచ్ ఎక్కడ పడుతోందో కాలికి తెలియడం లేదు. మధ్యాహ్నం ఎండలో హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో పాకిన తర్వాత పట్టే చోటు ఇంకా కిందికి దిగుతోంది. పెడల్ బరువుగా కూడా ఉంది. స్టీల్ అల్లిక గొట్టం, డిలే వాల్వ్ (క్లచ్ నెమ్మదిగా పట్టేలా చేసే సన్న రంధ్రం) తీసేయడం, పెద్ద మాస్టర్ సిలిండర్, ఈ మూడూ చేద్దామని ఆలోచన. ఏ వరసలో చెయ్యాలి?

ఓఆర్ఆర్_ఐదోగేరు
బ్రెయిడెడ్ హోస్ (స్టీల్ అల్లిక గొట్టం) వేసెయ్యండి బ్రదర్, వేరే ఏమీ అక్కర్లేదు. రబ్బరు గొట్టం ప్రెషర్‌కి ఉబ్బుతుంది, పెడల్ మెత్తగా ఉండేది దానివల్లే.

రాణిగంజ్_పానా
జర ఆగన్నా. గొట్టం ముచ్చట తర్వాత. ముందుగాల పెడల్ కింద 7డీ మ్యాట్ ఉంటే తీసి పక్కకు పెట్టి తొక్కి చూడు. ఆ మందపు మ్యాట్ అడుగున పెడల్‌ని ఆపేస్తది, క్లచ్ పూర్తిగా విడవదు, రివర్స్ గేర్ కిర్రుమంటది. మనోళ్లు క్లచ్ ప్లేట్ పోయిందని గేర్‌బాక్స్ దింపుతరు.

తర్వాత సీటు వెనక్కి జరిపి, తల కిందికి పెట్టి, చేత్తో పెడల్ ఆడించు. పక్కకు ఊగితే పెడల్ ఇరుసు మీది నైలాన్ బుష్ అరిగింది. ముందుకు వెనక్కి టక్ టక్ అంటే మాస్టర్ రాడ్‌కు పెడల్‌ను కలిపే క్లెవిస్ పిన్ అరిగింది. ఆ పిన్ దగ్గర 1 ఎంఎం ఆట ఉంటే పాదం దగ్గర 5 ఎంఎం అయితది. బుష్, పిన్ పుత్లీబౌలి స్పేర్స్ షాపుల్ల అడుగు, పాతది చేతిల పట్టుకొని పో. నైలాన్ బుష్‌కు సిలికాన్ గ్రీజు పెట్టు, ఇంజన్ ఆయిల్ వద్దు.

ఇంకొకటి. ఒకరిని పెడల్ తొక్కమని, బానెట్ ఎత్తి మాస్టర్ సిలిండర్‌ని చూడు. తొక్కినప్పుడల్లా సిలిండరే ముందుకు కదులుతుంటే నట్లు లూజు, లేకుంటే ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ నడుమ గోడ) రేకు వంగుతుంది, వెల్డింగ్ పగిలింది. అక్కడ ఏ గొట్టం వేసినా దండగే.

డాట్_ఫోర్
పానా అన్న చెప్పిన వరసే సరైంది. హోస్ వల్ల ఎంత లాభమో లెక్క వేసి చూద్దాం.

పెడల్ నిష్పత్తి 5:1, మాస్టర్ బోర్ (లోపలి వ్యాసం) 5/8 అంగుళం (15.87 ఎంఎం) అనుకోండి. బోర్ వైశాల్యం 1.98 చదరపు సెంటీమీటర్లు. పాదంతో 12 కిలోల బలం పెడితే రాడ్ మీద 60 కిలోలు పడుతుంది, అంటే లోపల ఒత్తిడి 30 బార్ చుట్టూ (ఒక బార్ అంటే సుమారు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి అంత). పెడల్ 140 ఎంఎం దిగితే రాడ్ 28 ఎంఎం కదులుతుంది. మొత్తం కదిలే ఆయిల్ ఐదున్నర సీసీ, అంతే.

బ్రేక్ గొట్టాలకు అమెరికా ప్రమాణం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 106 ఉంది. దాని ప్రకారం 3.2 ఎంఎం బోర్ ఉన్న మామూలు రబ్బరు గొట్టం 69 బార్ దగ్గర అడుగు పొడవుకు 0.66 సీసీ దాకా ఉబ్బొచ్చు. మన 30 బార్ దగ్గర సుమారు 0.29 సీసీ. పెడల్ దగ్గర 7 ఎంఎం అనుకోండి. అల్లిక గొట్టం అందులో సగానికి పైగా మిగులుస్తుంది, అంటే 4 నుంచి 5 ఎంఎం లాభం.

లైన్‌లో ఒక్క సీసీ గాలి ఉంటే? 30 బార్ దగ్గర అది దాదాపు మాయమైపోతుంది. రాడ్ 5 ఎంఎం ఊరికే నడుస్తుంది, పెడల్ దగ్గర 24 ఎంఎం పోతుంది. అంటే సరిగ్గా గాలి తీయకుండా అల్లిక గొట్టం వేస్తే, ఐదు మిగుల్చుకుని ఇరవై నాలుగు పోగొట్టుకున్నట్టు.

ఓఆర్ఆర్_ఐదోగేరు
లెక్క బాగుంది సార్. కానీ పదేళ్ల పాత గొట్టం కొత్తదానిలా ఉంటుందా?

డాట్_ఫోర్
ఉండదు, ఎక్కువే ఉబ్బుతుంది. అంతకంటే చెడ్డది ఇంకొకటుంది: పాత గొట్టం లోపలి గోడ ఉబ్బి దారి సన్నబడుతుంది. తొక్కడానికి బాగానే ఉంటుంది, వదిలినప్పుడు ఆయిల్ నెమ్మదిగా వెనక్కి వస్తుంది, క్లచ్ ఆలస్యంగా పట్టుకుంటుంది. దాన్ని డిలే వాల్వ్ తప్పనుకుంటారు. అందుకే పాత గొట్టం ఎలాగూ మార్చాల్సిందే. కంపెనీ కొత్త గొట్టమా, అల్లిక గొట్టమా అన్నది జేబుని బట్టి.

@పెడల్_ప్రశ్న, ఈ నాలుగు కొలిచి రాయండి:
1. స్టీల్ స్కేలుతో, నేల నుంచి పెడల్ ప్యాడ్ మధ్యకు ఎత్తు, తొక్కనప్పుడు.
2. చదునైన చోట మొదటి గేరులో నెమ్మదిగా వదులుతూ బండి కదలబోయే క్షణంలో పెడల్ ఎత్తు. చల్లగా ఒకసారి, అరగంట ట్రాఫిక్ తర్వాత ఒకసారి.
3. లగేజీ తూచే కొక్కెం త్రాసు పెడల్‌కు తగిలించి కిందికి లాగితే ఎన్ని కిలోలకు దిగుతోందో. చాలా కార్లలో 8 నుంచి 15 కిలోల మధ్య ఉంటుంది.
4. ఆయిల్ రంగు, చివరిసారి ఎప్పుడు మార్చారు.

వేదిక నిర్వాహకుడు
"ఆటోమేటిక్ కొనుక్కోండి" అన్న సలహాలు రెండు తీసేశాను. థ్రెడ్ క్లచ్ గురించి.

పెడల్_ప్రశ్న (మియాపూర్)
కొలతలు ఇవిగో. తొక్కనప్పుడు 172 ఎంఎం. పట్టే చోటు చల్లగా 61, వేడెక్కాక 44. లాగుడు 17 కిలోలు. ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంది. ఎప్పుడు మార్చారో రికార్డు లేదు. బ్రేక్‌కీ క్లచ్‌కీ బానెట్ కింద ఒకటే ఆయిల్ డబ్బా. మ్యాట్ తీశాను, దాని వాటా 12 ఎంఎం.

డాట్_ఫోర్
మ్యాట్ ఒక్కటే 12! మన హోస్ లెక్కకు రెండింతలు పైనే.

ఇక్కడ రెండు వేర్వేరు జబ్బులున్నాయి, కలపొద్దు.

చల్లగా 61, వేడిగా 44: ఇది ఆయిల్ జబ్బు. క్లచ్‌లోనూ ఉండేది బ్రేక్ ఆయిలే, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు మరిగే కనీస హద్దు 230 డిగ్రీలు, తేమ పట్టాక 155. డాట్ 3కి 205, 140. డాట్ 5.1కి 260, 180. స్లేవ్ సిలిండర్ ఎగ్జాస్ట్ పక్కనే ఉంటే, సగం క్లచ్ మీద గంటసేపు పాకితే అక్కడ ఆవిరి బుడగలు పుడతాయి, ఉన్న గాలి కూడా వ్యాకోచిస్తుంది. రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే. డాట్ 4 గానీ 5.1 గానీ పోయండి. డాట్ 5 పొయ్యొద్దు. పేరు దగ్గరగా ఉన్నా అది సిలికాన్, వీటితో కలవదు.

17 కిలోలు: ఇది హైడ్రాలిక్ జబ్బు కాదు. క్లచ్ ప్లేట్ అరిగే కొద్దీ, దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్‌లోని డయాఫ్రమ్ స్ప్రింగు వేళ్ల కోణం మారుతుంది, వాటిని నొక్కడానికి బలం ఎక్కువ కావాలి. దానంతట అదే సర్దుకునే రకం ప్రెషర్ ప్లేట్లలో ఈ పెరుగుదల తక్కువ, మామూలు వాటిలో స్పష్టంగా తెలుస్తుంది. ఫోర్క్ (స్లేవ్ నెట్టే మీట) ఆనుకునే గుండు ఎండిపోయినా, రిలీజ్ బేరింగ్ (ఆ వేళ్లను నొక్కేది) జారే గైడు గొట్టం గీతలు పడినా బరువు పెరుగుతుంది. ఇవేవీ బానెట్ కింది మార్పులతో తగ్గవు.

సగంక్లచ్_పంజాగుట్ట
మరి చిన్న మాస్టర్ వేస్తే బరువు తగ్గుతుంది కదా? చాలామంది అదే చెప్తున్నారు.

డాట్_ఫోర్
తగ్గుతుంది, దానికి మూల్యం ఉంది. పై ఉదాహరణే తీసుకోండి. స్లేవ్ బోర్ 13/16 అంగుళం, ఫోర్క్ నిష్పత్తి 2:1 అనుకుంటే, 5/8 మాస్టర్‌తో స్లేవ్ 16.6 ఎంఎం కదులుతుంది, బేరింగ్ 8.3.

9/16 మాస్టర్ వేస్తే పాదం బలం 19 శాతం తగ్గుతుంది. బేరింగ్ మాత్రం 6.7 ఎంఎం దగ్గరే ఆగుతుంది. క్లచ్ పూర్తిగా విడవకపోతే సింక్రోనైజర్లు (గేర్ల వేగం కలిపే రింగులు) అరుగుతాయి, రివర్స్ పడదు.

11/16 వేస్తే పట్టే చోటు పైకి వస్తుంది, పెడల్ గట్టిగా, చురుగ్గా అనిపిస్తుంది. బలం 21 శాతం పెరుగుతుంది, బేరింగ్ 10 ఎంఎం పోతుంది. అంత దూరం డయాఫ్రమ్ వేళ్లను నెడితే అవి క్లచ్ ప్లేట్ హబ్‌కు తగలొచ్చు, స్లేవ్ పిస్టన్ సర్క్లిప్ (ఆపే రింగు) దాకా వెళ్లి సీలు దాటొచ్చు. మీకు ఇప్పటికే 17 కిలోలు. పెద్ద మాస్టర్ వేస్తే 20 దాటుతుంది. మోకాలు ఒప్పుకోదు.

తేలికా కావాలి, కదలికా తగ్గాలి అంటే కుదరదు. చేయాల్సిన పని అంతే ఉంటుంది, బలం తగ్గిస్తే దూరం పెరుగుతుంది. కాబట్టి మీ జాబితాలోంచి పెద్ద మాస్టర్ కొట్టేయండి.

రాణిగంజ్_పానా
ఇగ గాలి తీసుడు. ఇది సక్కగ చేస్తె సగం పరేషాన్ ఇక్కడ్నే పోతది. సామాన్లు: సీలు విప్పని డాట్ 4 పావు లీటర్ డబ్బాలు రెండు, మెడికల్ షాపుల దొరికే 60 ఎంఎల్ సిరంజీలు రెండు, నిపుల్‌కు (స్లేవ్ మీద గాలి వదిలే స్క్రూ) బిగుతుగా పట్టే పారదర్శక పైపు మీటరు, నిపుల్ సైజు రింగ్ పానా, బొచ్చు రాలని బట్ట, బకెట్ నీళ్లు.

ముందు మొదటి సిరంజీతోటి బండి డబ్బాల ఉన్న పాత నల్ల ఆయిల్ గుంజి, కొత్తది పొయ్యి. తర్వాత పై నుంచి కిందికే ఒక విడత పాత ఆయిల్ దింపు: ఒకరు పెడల్ నెమ్మదిగ తొక్కి పట్టాలె, నువ్వు నిపుల్ అర చుట్టు విప్పాలె, బిగించినంక పెడల్ పైకి లేపాలె. టపటపా కొట్టుడు వద్దు, కొడితే గాలి సన్న బుడగలై ఆయిల్‌ల కలుస్తది, గంట ఆగినా బయటికి రాదు. కొత్త ఆయిల్ రంగు వచ్చేదాంక చెయ్యి. ఈ విడత దాటేసి సీదా కింది నుంచి ఎక్కిస్తె స్లేవ్‌ల ఉన్న మురికంతా బ్రేక్ డబ్బాలకు పోతది.

డబ్బా ఒకటే కాబట్టి ఇంకో సంగతి. డబ్బాకు క్లచ్ పైపు బ్రేక్ పైపుల కన్న పైన ఉంటది, క్లచ్ లీకైనా బ్రేకులకు ఆయిల్ మిగలాలని. అందుకే లెవల్ కొంచెం దిగినా క్లచ్ గాలి గుంజుతది. మినిమమ్ గీత కిందికి పోనియ్యొద్దు.

ఇప్పుడు ఉల్టా. రెండో సిరంజీ నిండ కొత్త ఆయిల్, పైపుల గాలి లేకుండ చూసుకొని నిపుల్‌కు తగిలించు. అర చుట్టు విప్పి 20, 30 ఎంఎల్ మెల్లగ ఎక్కియ్యి. గాలి పైకి పోయే గుణం ఉన్నది, నువ్వు కూడా పైకే నెడుతున్నవ్, అందుకే ఇది నడుస్తది. పైన డబ్బా పొర్లకుండ ఒకరిని నిలబెట్టు. పెయింట్ మీద చుక్క పడితే తుడువకు, నీళ్లు పొయ్యి.

ఇంకా మెత్తగుంటే స్లేవ్ బోల్టులు రెండు విప్పి, నిపుల్ పైకి ఉండేటట్టు వంచి, డబ్బా మూత తీసి, పుష్ రాడ్‌ను చేత్తో మెల్లగ లోపలికి నొక్కు. బుడగలు డబ్బాలకు వస్తయ్. స్లేవ్ విప్పి ఉన్నప్పుడు మాత్రం ఎవరూ పెడల్ ముట్టొద్దు. పిస్టన్ ఎగిరి బయటపడ్తది.

సగంక్లచ్_పంజాగుట్ట
స్లేవ్ గేర్‌బాక్స్ లోపల ఉండే బండ్లకు? ఫోర్డ్ ఎకోస్పోర్ట్ లాంటివి.

రాణిగంజ్_పానా
వాటికి వంచుడు ఉండదు, ఉల్టా ఎక్కించుడే మంచి తొవ్వ. లోపలి స్లేవ్ లీకైతే గేర్‌బాక్స్ దింపాల్సిందే. కాబట్టి క్లచ్ సెట్ మార్చినప్పుడు అది కూడా కొత్తది ఎయ్యి, లేకుంటే కూలీ రెండుసార్లు కట్టాలె. గేర్‌బాక్స్ దించి ఉన్నప్పుడు పెడల్ తొక్కితే కొత్తది కూడా ఖతం.

లేత్_బాలానగర్
గొట్టం చేయించుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. రాణిగంజ్‌లో, బాలానగర్‌లో హోస్ క్రింప్ చేసే (కొసలకు ఫిట్టింగు నొక్కి బిగించే) షాపులు బోలెడు. వాళ్ల దగ్గర ఎక్కువగా ఉండేది ప్రెస్సులకూ జేసీబీలకూ వాడే గొట్టం. ఒత్తిడి ఎంతైనా తట్టుకుంటుంది, లోపలి పొర మాత్రం నైట్రైల్ రబ్బరు. అది మినరల్ ఆయిల్ కోసం. బ్రేక్ ఆయిల్ పోస్తే కొన్నాళ్లకు మెత్తబడి, ముక్కలై, స్లేవ్ సీలులోకి చేరుతుంది. "టెఫ్లాన్ లైనింగ్, బ్రేక్ సైజు, బయట స్టెయిన్‌లెస్ అల్లిక" అని విడిగా అడగాలి. కోసిన చివర చూపించమనండి, లోపల తెల్లగా గట్టిగా ఉండాలి.

పాత గొట్టం పొడవుకు 20, 30 ఎంఎం కలపండి. స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ ఊగుతుంది, బిగుతుగా ఉంటే క్రింప్ దగ్గర తెగుతుంది. మెలి తిరగకూడదు. అల్లిక దేనికి రాసుకున్నా దాన్ని కోస్తుంది, వైరింగ్ అయినా ఏసీ అల్యూమినియం పైపు అయినా, కాబట్టి పైన ప్లాస్టిక్ తొడుగు వేయించండి. బాంజో బోల్టుకు (గొట్టం కొసను బిగించే, లోపల ఆయిల్ దారి ఉన్న బోల్టు) రెండు వైపులా కొత్త రాగి వాషర్లు పెట్టాలి, పాతవి తిప్పి వాడొద్దు. బిగించాక ఇంజన్ ఆపి పెడల్ నేల దాకా తొక్కి పది నిమిషాలు కర్రతో నిలిపి, ప్రతి జాయింట్ కింద కాగితం పెట్టి చూడండి.

కొన్ని బండ్లలో ప్లాస్టిక్ పైపు, తీగ క్లిప్పు, ఓ-రింగ్ జాయింట్ ఉంటుంది. వాటికి బాంజో నేరుగా పట్టదు, అడాప్టర్ కావాలి. అడాప్టర్ లేతు మీద చేయిస్తే ఓ-రింగ్ కూర్చునే గాడి నునుపుగా రావాలి, టూల్ గీత ఒక్కటి ఉన్నా కారుతుంది.

ఓఆర్ఆర్_ఐదోగేరు
సరే, హోస్ విషయంలో ఒప్పుకున్నా. డిలే వాల్వ్ సంగతేంటి? అది తీస్తే బండే మారిపోతుందంటారు.

డాట్_ఫోర్
ఉన్న బండిలో తీస్తే తేడా బాగా తెలుస్తుంది. ముందు ఉందో లేదో చూడాలి. అది ఆయిల్ వెనక్కి వచ్చే దారిలో ఒక సన్నని రంధ్రం. డ్రైవర్ పెడల్ మీంచి పాదం జారవిడిచినా గేర్‌బాక్స్‌కు దెబ్బ తగలకుండా క్లచ్‌ను నెమ్మదిగా పట్టిస్తుంది. బీఎండబ్ల్యూ మాన్యువల్ బండ్లలో గొట్టానికీ స్లేవ్‌కూ మధ్య విడి ముక్కగా ఉండేది. మరికొన్నిటిలో స్లేవ్ నోట్లో చిన్న గుళికలా ఉంటుంది.

పరీక్ష: ఇంజన్ ఆపి, పెడల్ తొక్కి ఒక్కసారిగా వదలమనండి. ఫోర్క్ పాదంతోపాటే వస్తే వాల్వ్ లేదు. పాకుతూ వస్తే వాల్వ్ ఉంది, లేదా ఇందాక చెప్పినట్టు గొట్టం లోపల మూసుకుంది.

ఇది వదిలే వేగాన్నే మారుస్తుంది. పెడల్ బరువు, నెమ్మదిగా వదిలినప్పుడు పట్టే ఎత్తు మారవు. గేర్లు త్వరగా మార్చేటప్పుడు క్లచ్ జారినట్టుంటేనే తీయండి. స్లేవ్‌లో పెట్టి ఉండగానే డ్రిల్ చేయొద్దు, ఇనుప రజను సీలును కోస్తుంది. బయటికి తీసి రంధ్రం పెద్దది చేసి, బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. పెట్రోలు, డీజిల్, కిరోసిన్ వద్దు. ఈ సీళ్ల రబ్బరుకు పెట్రోలియం తగిలితే ఉబ్బుతుంది. అమర్చేటప్పుడు ఎర్రటి రబ్బర్ గ్రీజు రాయండి.

డబ్బా ఆకారంలో లైన్ మీద ఉండే డ్యాంపర్ వేరు. క్రాంక్ నుంచి వచ్చే సన్నని వణుకును పాదం దాకా రానివ్వకుండా చేసేది అదే. దాన్ని తీస్తే పెడల్ కొంచెం గట్టిపడుతుంది, కానీ డీజిల్ బండిలో పెడల్ జుమ్ జుమ్ అంటుంది. నా లెక్కలో రోజువారీ బండికి అది ఉండాలి.

సగంక్లచ్_పంజాగుట్ట
పెడల్ దగ్గర ఒక లావు స్ప్రింగు ఉంటుంది కదా, అది తీస్తే ఫీల్ వస్తుందని విన్నాను.

లేత్_బాలానగర్
సహాయ స్ప్రింగు. ఫోక్స్‌వాగన్, స్కోడా బండ్లు చాలావాటిలో ఉంది. పెడల్ మొదటి భాగంలో పైకి తోస్తుంది, మధ్య బిందువు దాటాక కిందికి తోసి పాదానికి సాయం చేస్తుంది. సరిగ్గా క్లచ్ పట్టే చోటే ఈ సాయం మారుతుంటుంది కాబట్టి కాలికి ఏమీ తెలియదు. తీస్తే పెడల్ సూటిగా పలుకుతుంది, బరువు పెరుగుతుంది. 17 కిలోల పెడల్‌కు ఇప్పుడే వద్దు, కొత్త క్లచ్ సెట్ వేశాక చూడండి. స్ప్రింగు బిగిసి ఉంటుంది, వేళ్లు పెట్టొద్దు, తాడు వేసి లాగండి. తీశాక పెడల్ పూర్తిగా పైకి వస్తోందో లేదో చూడాలి.

దీనికంటే పెడల్ కింద ఆపుడు బోల్టు మేలని నా అభిప్రాయం. ఎం8 బోల్టు, నైలాక్ నట్టు, కొసకు రబ్బరు గుండీ, ఖర్చు వంద రూపాయల లోపే. క్లచ్ పూర్తిగా విడిచిన చోటి నుంచి 15, 20 ఎంఎం కింద పెడల్ ఆగేలా పెట్టండి. అది వేడి బండి మీద కొలిచి పెట్టాలి. క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అయ్యే బండిలో కింది స్విచ్ నొక్కుకుంటోందో చూడండి, లేకపోతే బండి స్టార్ట్ కాదు.

పెడల్_ప్రశ్న (మియాపూర్)
మాస్టర్ పుష్ రాడ్ సర్దితే పట్టే చోటు పైకి వస్తుందని మా వీధి మెకానిక్ అంటున్నాడు. చేయించనా?

రాణిగంజ్_పానా
ఆయిల్ మార్చక ముందు అస్సలు వద్దు. రాడ్‌కు కొంచెం ఆట ఉండాలె. టయోటా మాన్యువల్స్‌ల పెడల్ కొస దగ్గర రాడ్ ఆట 1 నుంచి 5 ఎంఎం, మొత్తం పెడల్ ఆట 5 నుంచి 15 అని ఉంటది. నీ బండి లెక్క నీ మాన్యువల్‌ల చూడు. ఆట సున్నా చేస్తె పిస్టన్ పూర్తిగ వెనక్కి రాదు, డబ్బాకు పోయే చిన్న రంధ్రం మూసుకుంటది. ఆయిల్ వేడెక్కితే పోనీకి జాగ లేక ప్రెషర్ లోపల్నే నిలుస్తది, క్లచ్ అరగొర పట్టి జారుతది. పొద్దున మంచిగుంటది, మధ్యాహ్నం ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆర్‌పీఎం ఎక్కుతది, బండి ఎక్కదు. ప్లాస్టిక్ మాస్టర్లకు అసలు ఆ సర్దుబాటే ఉండదు, రాడ్ పొడవు చెయ్యాలని వెల్డింగ్ జోలికి పోవద్దు.

డాట్_ఫోర్
కాబట్టి మీకు వరస: ఆయిల్ మార్చి గాలి తీయడం, బుష్, పిన్. చల్ల, వేడి కొలతలు మళ్లీ తీసుకోండి. తేడా 5 ఎంఎం లోపు వస్తే హైడ్రాలిక్ బాగుంది. అప్పటికీ 15 దాటితే స్లేవ్, మాస్టర్ రబ్బరు తొడుగులు తొలగించి తడి చూడండి, తడి ఉంటే ఆ సిలిండర్ మార్చాలి. ఎక్కడా తడి లేకుండా, తొక్కి పట్టుకుంటే పెడల్ నెమ్మదిగా దిగిపోతుంటే మాస్టర్ సీలు లోపలే ఆయిల్‌ను దాటనిస్తోంది. గొట్టం ఆయిల్ మార్చేటప్పుడే వేయించండి, రెండోసారి గాలి తీసే పని తప్పుతుంది. బరువు కోసం క్లచ్ సెట్, బేరింగ్, ఫోర్క్ గుండు. వారంటీ ఉన్న బండి అయితే గొట్టం మార్చే ముందు సర్వీస్ సెంటర్‌లో అడగండి.

పెడల్_ప్రశ్న (మియాపూర్)
అర్థమైంది, ధన్యవాదాలు. చివరి ప్రశ్న: గొట్టానికి బాంజో బోల్టు "10 ఎంఎం" అని చెప్తే సరిపోతుందా? మిగిలిన ఆయిల్ డబ్బా తర్వాతికి దాచొచ్చా?

లేత్_బాలానగర్
సరిపోదు. ఎం10×1.0 ఉంటుంది, ఎం10×1.25 ఉంటుంది, మందం ఒకటే, మర చుట్ల మధ్య దూరం వేరు. రెండూ మొదటి చుట్టు ఎక్కినట్టే అనిపిస్తాయి, ఆ తర్వాత స్లేవ్ అల్యూమినియం మరను తినేస్తాయి. పాత బోల్టు విప్పి షాపుకు పట్టుకుపోండి. కొత్తది చేత్తో నాలుగు చుట్లు తిరగకపోతే పానా పెట్టొద్దు.

రాణిగంజ్_పానా
విప్పిన డబ్బా దాచకు అన్నా, మన వానాకాలం తేమకు అది నీళ్లు తాగుతది. పావు లీటరువి రెండు తెమ్మన్నది గందుకే.